రోజర్ గ్రెగరీ రీనామినేషన్, 2001: సెనేటర్ల మద్దతు ఎక్కడ పనిచేసింది

2001 మే 9న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ తన తొలి విడత అప్పీళ్ల కోర్టు జడ్జి నామినీలను వైట్‌హౌస్‌లో దేశానికి పరిచయం చేశారు. మొత్తం 11 మంది. వారిలో రోజర్ గ్రెగరీ అప్పటికే ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కుర్చీలో ఉన్న జడ్జి. ఆయన్ను అక్కడ కూర్చోబెట్టింది బుష్ కంటే ముందు పదవిలో ఉన్న డెమోక్రాట్ బిల్ క్లింటన్, అదీ సెనేట్ ఓటు లేకుండా. పార్టీ మారిన వైట్‌హౌస్ అదే మనిషిని అదే సీటుకి మళ్లీ పంపింది. జూలై 20న సెనేట్ 93–1 ఓట్లతో ఆమోదించింది.

గ్రెగరీ అర్హతల మీద పెద్దగా వివాదం లేదు. అయితే అర్హత ఉన్నా మూలన పడిపోయిన నామినేషన్లు అదే కోర్టులో, అదే దశాబ్దంలో వరసగా ఉన్నాయి. ఆయనది గట్టెక్కడానికి కారణం వర్జీనియా సెనేటర్ల మద్దతు సరైన మనిషి దగ్గరకి, సరైన వారాల్లో, సరైన పార్టీ నుంచి చేరడం. రీనామినేషన్ (అదే పేరుని మళ్లీ నామినేట్ చేయడం) కోసం పనిచేసే సిబ్బందికి ఇందులో నేర్చుకోదగ్గది చాలా ఉంది.

సీటు ఎలా ఖాళీగా ఉండిపోయింది

ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు రిచ్‌మండ్‌లో కూర్చుంటుంది. మేరీల్యాండ్, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా దాని పరిధి. ఉత్తర వర్జీనియాలోనో, షార్లెట్‌లోనో, రాలీ చుట్టుపక్కలో ఉండే మన తెలుగు కుటుంబాలకి ఫెడరల్ కేసు ఏదైనా అప్పీలుకి వెళ్తే, సాధారణంగా అది చేరేది ఈ కోర్టుకే. 1990లో కాంగ్రెస్ చేసిన చట్టంతో ఇక్కడి జడ్జీల సంఖ్య 15 అయింది. అప్పుడు పుట్టిన కొత్త సీట్లలో ఒకటి పదేళ్లు ఎవరూ కూర్చోకుండానే ఉండిపోయింది.

ఆ సీటు నార్త్ కరోలినాదని అందరూ అనుకునేవారు. క్లింటన్ 1995లో జేమ్స్ బీటీని, 1999లో జేమ్స్ విన్‌ని ఈ కోర్టుకి నామినేట్ చేశారు. ఇద్దరూ నార్త్ కరోలినా వారే, ఇద్దరూ నల్లజాతీయులే. ఆ రాష్ట్ర రిపబ్లికన్ సెనేటర్ జెస్సీ హెల్మ్స్ ఇద్దరినీ ఆపారు. కోర్టుకి ఇంకా జడ్జీలు అక్కర్లేదన్నది ఆయన వాదన. ఆయన చేతిలో ఉన్నది బ్లూ స్లిప్: నామినీ సొంత రాష్ట్ర సెనేటర్లిద్దరికీ సెనేట్ జ్యుడీషియరీ కమిటీ పంపే నీలం కాగితం. అది తిరిగి రాకపోయినా, "ఒప్పుకోను" అని వచ్చినా ఆ రోజుల్లో కమిటీ ముందు నామినీ విచారణ జరిగేది కాదు. ఇది చట్టంలో లేదు, సెనేట్ నిబంధనల్లోనూ లేదు. కమిటీ ఛైర్మన్ పాటించే ఆనవాయితీ మాత్రమే. అయినా చట్టమంత గట్టిగా పనిచేసింది. 1999లో నార్త్ కరోలినాకి చెందిన జడ్జి సామ్ ఎర్విన్ చనిపోయాక, ఆ రాష్ట్రం నుంచి ఫోర్త్ సర్క్యూట్‌లో క్రియాశీల జడ్జి ఒక్కరూ మిగల్లేదు.

క్లింటన్ బృందం అప్పుడు సీటునే పక్క రాష్ట్రానికి జరిపింది. సర్క్యూట్‌లోని ప్రతి రాష్ట్రం నుంచీ కనీసం ఒక క్రియాశీల జడ్జి ఉండాలని చట్టం చెబుతుంది, కానీ ఫలానా సీటు ఫలానా రాష్ట్రానిది అని ఎక్కడా రాసి లేదు. 2000 జూన్ 30న రిచ్‌మండ్ లాయర్ రోజర్ గ్రెగరీ పేరు సెనేట్‌కి వెళ్లింది. పీటర్స్‌బర్గ్‌లో పెరిగి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో లా చదివి, తర్వాత వర్జీనియా గవర్నర్ అయిన డగ్లస్ వైల్డర్‌తో కలిసి లా ఫర్మ్ నడిపిన మనిషి. నామినీ వర్జీనియా వాడు కాబట్టి బ్లూ స్లిప్ హెల్మ్స్‌కి వెళ్లదు. డెమోక్రాట్ చార్లెస్ రాబ్‌కి, రిపబ్లికన్ జాన్ వార్నర్‌కి వెళ్తుంది. ఇద్దరూ మద్దతు పలికారు.

అయినా విచారణ జరగలేదు. ఎన్నికల సంవత్సరం, సెనేట్ రిపబ్లికన్ల చేతిలో ఉంది, అప్పీళ్ల కోర్టు సీట్లని కొత్త అధ్యక్షుడి కోసం అట్టిపెట్టుకోవాలన్న లెక్క నడుస్తోంది. సొంత రాష్ట్ర సెనేటర్లిద్దరూ సరే అన్నా, వారి మాట ఒక అడ్డంకిని తొలగించిందే తప్ప, తేదీ ఇచ్చే అధికారం ఉన్న కమిటీ ఛైర్మన్‌ని కదిలించలేకపోయింది. మద్దతు లేఖ రాసేముందు "దీన్ని చదివి నిర్ణయం తీసుకునేది ఎవరు?" అని అడగకపోతే జరిగేది ఇదే.

రీసెస్ కమిషన్, దానితో మొదలయ్యే గడియారం

2000 డిసెంబర్ 27న, సెనేట్ విరామంలో ఉండగా, క్లింటన్ గ్రెగరీకి రీసెస్ అపాయింట్‌మెంట్ ఇచ్చారు. రాజ్యాంగం రెండో అధికరణం ఆ వీలు ఇస్తుంది, కానీ ఆ కమిషన్ (నియామక పత్రం) సెనేట్ తదుపరి సెషన్ ముగిసేదాకానే చెల్లుతుంది. ఫోర్త్ సర్క్యూట్‌లో తొలి నల్లజాతి జడ్జి అలా, జీవితకాల హామీ లేకుండా కూర్చున్నారు. మన హైకోర్టుల్లో రెండేళ్ల గడువుతో వేసే అదనపు న్యాయమూర్తి స్థితి తెలిసినవాళ్లకి ఇది కొంత అర్థమవుతుంది: పని పూర్తి జడ్జిదే, కుర్చీ మాత్రం గడువు మీద ఉంది.

107వ కాంగ్రెస్ మొదటి సెషన్ చివరికి 2001 డిసెంబర్ 20న ముగిసింది. అంటే కొత్త నామినేషన్, విచారణ, కమిటీ ఓటు, సెనేట్ పూర్తి సభ ఓటు అన్నీ పన్నెండు నెలల్లోపు అవ్వాలి. లేకపోతే ఆ రోజుతో జడ్జి ఇంటికి.

ఇక్కడ చాలామంది చూసుకోని చిక్కు జీతం. ఫెడరల్ చట్టాల ఐదో టైటిల్, 5503 సెక్షన్ ప్రకారం, సెనేట్ సెషన్‌లో ఉన్నప్పటి నుంచీ ఖాళీగా ఉన్న పదవికి రీసెస్‌లో నియమితుడైన వ్యక్తికి సెనేట్ ఆమోదించేదాకా ఖజానా నుంచి జీతం ఇవ్వకూడదు. మూడు మినహాయింపులు ఉన్నాయి: సెషన్ ముగియడానికి ముందు 30 రోజుల్లోపు ఖాళీ ఏర్పడటం, సెషన్ ముగిసేనాటికి ఆ పదవికి ఒక నామినేషన్ సెనేట్ ముందు పెండింగ్‌లో ఉండటం (అంతకుముందు విరామంలో నియమితుడైన వ్యక్తిదైతే చెల్లదు), చివరి 30 రోజుల్లో నామినేషన్ తిరస్కరణకి గురై, ఆ తిరస్కృత వ్యక్తిని కాక వేరొకరిని నియమించడం. గ్రెగరీకి రెండోది వర్తించింది, ఎందుకంటే జూన్ నామినేషన్ ఆ సెషన్ చివరిదాకా అలాగే ఉంది. మినహాయింపు దొరికినా సరిపోదు. తదుపరి సెషన్ మొదలైన 40 రోజుల్లోపు ఆ పదవికి నామినేషన్ సెనేట్‌కి చేరాలి. క్లింటన్ 2001 జనవరి 3న, సెషన్ తొలిరోజే, గ్రెగరీ పేరు మళ్లీ పంపారు. తాను దిగిపోవడానికి ఇంకా 17 రోజులుండగా పంపిన ఆ కాగితం సెనేట్ ఓటు తెస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. జీతం షరతు మటుకు దానితో తీరిపోయింది. కొత్త అధ్యక్షుడికి వదిలేసి ఉంటే ఫిబ్రవరి రెండో వారానికే గడువు మీదపడేది.

జనవరి నుంచి మే: అసలు పని జరిగిన కాలం

2000 నవంబర్ ఎన్నికలో రాబ్ ఓడిపోయారు. రిపబ్లికన్ జార్జ్ అలెన్ గెలిచారు. పైకి ఇది గ్రెగరీకి నష్టంలా కనిపిస్తుంది, ఎందుకంటే తన పేరు సూచించిన సెనేటరే వెళ్లిపోయారు. నిజానికి రీనామినేషన్‌కి ఇదే కలిసొచ్చింది. అలెన్ కూడా మద్దతు ఇవ్వడంతో, కొత్త రిపబ్లికన్ అధ్యక్షుడికి ఈ పేరు చెప్పేవాళ్లు ఇద్దరూ రిపబ్లికన్లే అయ్యారు. అలెన్ ముందు వర్జీనియా గవర్నర్‌గా చేసినవారు, సంప్రదాయవాదిగా పేరున్నవారు. క్లింటన్ పద్ధతి నచ్చకపోయినా మనిషి యోగ్యుడని ఆయన స్థాయి వ్యక్తి అంటే, వైట్‌హౌస్‌కి సొంత పార్టీలో సమాధానం చెప్పుకునే భారం తగ్గుతుంది. రాబ్ ఉండి ఉంటే ఆ మాటకి ఇంత విలువ వచ్చేది కాదు.

మార్చిలో బుష్ క్లింటన్ పంపిన జడ్జి నామినేషన్లన్నిటినీ ఉపసంహరించారు. వాటిలో గ్రెగరీదీ ఉంది. ఉపసంహరణ వార్త రాగానే మద్దతుదారులు చేతులెత్తేయడం ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించే పొరపాటు. కొత్త ప్రభుత్వం పాత జాబితాని మొత్తంగా వెనక్కి తీసుకోవడం రివాజు, అందులో ఏ ఒక్క పేరు మీదా తీర్పు ఉండదు. ఆ రోజు నుంచి కొత్త జాబితా ఖరారయ్యేదాకా ఉన్న వారాలే అతి ముఖ్యమైనవి. గ్రెగరీ విషయంలో ఆ కిటికీ సుమారు ఏడు వారాలు. నిర్ణయం వైట్‌హౌస్ కౌన్సెల్ (అధ్యక్షుడి న్యాయ సలహాదారు) కార్యాలయంలో జరుగుతోంది, సెనేట్‌లో కాదు. కాబట్టి మద్దతు వెళ్లాల్సింది అక్కడికి.

రాజకీయ లెక్క కూడా అప్పుడే కుదిరింది. సెనేట్ 50–50గా చీలి, ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఓటు మీద రిపబ్లికన్ల చేతిలో నడుస్తోంది. బుష్ మొదటి జాబితాలో మిగెల్ ఎస్ట్రాడా, ప్రిసిల్లా ఓవెన్ లాంటి, డెమోక్రాట్లు గట్టిగా ఎదిరించబోయే పేర్లున్నాయి. గ్రెగరీతోపాటు, క్లింటన్ జిల్లా జడ్జిగా వేసిన బారింగ్టన్ పార్కర్‌ని కూడా సెకండ్ సర్క్యూట్‌కి చేర్చడం ఆ జాబితాకి రెండు పార్టీల రంగు ఇచ్చింది. అవసరం వైట్‌హౌస్‌ది, పేరు చేతికి అందేలా ఉంచింది వర్జీనియా సెనేటర్లు. ఈ రెండూ ఒకే నెలల్లో కలవకపోతే 93–1 అన్న అంకె ఉండేది కాదు.

లేఖలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

రీనామినేషన్ మద్దతు లేఖ ఒక పేజీ దాటకూడదు. అధ్యక్షుడి పేరు మీద రాయాలి, ప్రతి వైట్‌హౌస్ కౌన్సెల్‌కి, మరొకటి జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్‌కి, మైనారిటీ పక్షం ముఖ్య సభ్యుడికి. మొదటి వాక్యంలోనే కోర్టు పేరు, సీటు ఏ చట్టం కింద ఏర్పడింది లేదా ఎవరి ఖాళీ, నామినీ ఇప్పుడున్న హోదా రావాలి. రెండో పేరాలో సొంత రాష్ట్ర సెనేటర్లిద్దరి వైఖరి స్పష్టంగా ఉండాలి. ఒకరే సంతకం చేస్తే కౌన్సెల్ కార్యాలయం మొదట అడిగేది రెండోవారి గురించే. కాబట్టి ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద తెచ్చుకోవడానికి వారం ఆలస్యమైనా నష్టం లేదు.

గడువు తేదీ తప్పకుండా రాయాలి. గ్రెగరీ కేసులో అది సెషన్ ముగింపు. మామూలు రీనామినేషన్‌లో సెనేట్ 31వ నిబంధన, ఆరో పేరా చూసుకోవాలి: సెనేట్ 30 రోజులకి మించి విరామం తీసుకుంటే, లేదా సెషన్ ముగిస్తే, ఏకగ్రీవ అంగీకారం లేనిదే పెండింగ్ నామినేషన్లు అధ్యక్షుడికి తిరిగి వెళ్లిపోతాయి. 2001 ఆగస్టు 3న సరిగ్గా ఇదే జరిగింది. మే 9 జాబితాలోని మిగతావారి నామినేషన్లు వెనక్కి వెళ్లాయి, బుష్ సెప్టెంబర్ 4న వాటిని మళ్లీ పంపాల్సి వచ్చింది. గ్రెగరీ రెండు వారాల ముందే ఆమోదం పొంది బయటపడ్డారు.

పెండింగ్ కేసుల ప్రస్తావన, నామినీ ఫలానా విషయంలో ఇలా తీర్పు ఇస్తారన్న సూచన, "మా పార్టీ వాళ్లంతా ఓటేస్తారు" అన్న హామీ, ఈ మూడూ లేఖలో పెట్టకూడదు. మొదటి రెండూ విచారణలో నామినీకే ఎదురు తిరుగుతాయి. మూడోది తప్పయితే సంతకం చేసిన సెనేటర్ మాట మళ్లీ ఎవరూ నమ్మరు. ప్రతినిధుల సభ సభ్యులకి ఈ విషయంలో ఓటు లేదు. వారి లేఖ స్థానిక బార్, పౌర సంఘాలు, ప్రజల మద్దతుకి సాక్ష్యంగా పనికొస్తుంది. దాన్ని సెనేటర్ల లేఖతో కలపకుండా విడిగా, తర్వాత పంపడం మంచిది.

సిట్టింగ్ జడ్జి తన కోసం తానే తిరగకూడదు. ఫెడరల్ జడ్జీల ప్రవర్తనా నియమావళి రాజకీయ కార్యకలాపాలని నిషేధిస్తుంది. కమిటీ అడిగిన సమాచారం ఇవ్వడం వరకే ఆయన పని. రీసెస్ జడ్జికి ఇది ఇంకా సున్నితం, ఎందుకంటే ఆ నెలల్లో రాసిన ప్రతి తీర్పునీ తనకి ఓటేయాల్సిన సెనేటర్లు చదువుతారు. మూడో అధికరణం జడ్జికి జీవితకాల పదవి ఇచ్చిందే ఇలాంటి ఒత్తిడి తగలకూడదని. రీసెస్ జడ్జి తీర్పులు చెల్లుతాయని 1962లో సెకండ్ సర్క్యూట్, 1985లో నైన్త్ సర్క్యూట్ చెప్పాయి. చట్టపరంగా ప్రశ్న తీరింది, న్యాయపరమైన ఇబ్బంది తీరలేదు. ఆ స్థితిని ఎంత తొందరగా ముగిస్తే కోర్టుకి అంత మేలు. గ్రెగరీ పక్షాన వాదించినవారి చేతిలో ఉన్న బలమైన కారణాల్లో ఇది ఒకటి.

కమిటీ, సభ

మే 24న వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీ వదిలేస్తున్నట్టు ప్రకటించారు. జూన్ 6 నుంచి సెనేట్ డెమోక్రాట్ల చేతికి వచ్చింది, పాట్రిక్ లేహీ కమిటీ ఛైర్మన్ అయ్యారు. చాలా నామినేషన్లకి ఇది పిడుగు. గ్రెగరీకి కాదు. కొత్త మెజారిటీ ఇష్టంగా ముందుకి తీసుకున్న పేరు ఇదే. జూలైలో విచారణ, వెంటనే కమిటీ ఆమోదం, 20న సభలో ఓటు. వ్యతిరేకించిన ఒకే ఒక్కరు రిపబ్లికన్ నాయకుడు ట్రెంట్ లాట్. జడ్జీలని రీసెస్‌లో నియమించడం మీద తన అభ్యంతరమే అందుకు కారణమని ఆయన కార్యాలయం చెప్పింది. 25న శాశ్వత కమిషన్ వచ్చింది. 2016 నుంచి 2023 దాకా గ్రెగరీ ఆ కోర్టుకే చీఫ్ జడ్జిగా పనిచేశారు.

పక్కన పెట్టి చూడాల్సిన కేసులు

గ్రెగరీకి ముందు చివరిగా రీసెస్‌లో నియమితుడైన ఫెడరల్ జడ్జి హవాయి జిల్లా కోర్టులో వాల్టర్ హీన్. జిమ్మీ కార్టర్ పదవి దిగిపోయే ముందు వేశారు. రీగన్ ఆ నామినేషన్‌ని ఉపసంహరించి మళ్లీ పంపలేదు. 1981 డిసెంబర్‌లో సెషన్‌తోపాటే హీన్ పదవీ పోయింది. పరిస్థితి దాదాపు గ్రెగరీదే: దిగిపోతున్న డెమోక్రాట్, వస్తున్న రిపబ్లికన్, సెనేట్ విరామం. కానీ హవాయి సెనేటర్లిద్దరూ డెమోక్రాట్లు. కొత్త అధ్యక్షుడి పార్టీలో ఆ పేరు పట్టుకుని అడిగే సొంత రాష్ట్ర సెనేటర్ ఒక్కరూ లేరు. తేడా అక్కడుంది.

ఎదురు ఉదాహరణ చార్లెస్ పికరింగ్. మిసిసిపీ జిల్లా జడ్జిని బుష్ 2001లో ఫిఫ్త్ సర్క్యూట్‌కి నామినేట్ చేశారు. సొంత రాష్ట్ర సెనేటర్లు లాట్, థాడ్ కాక్రన్ ఇద్దరూ రిపబ్లికన్లే, ఇద్దరూ పూర్తి మద్దతు ఇచ్చారు. 2002 మార్చిలో కమిటీ 10–9 ఓట్లతో తిరస్కరించింది. 2003 జనవరిలో బుష్ మళ్లీ నామినేట్ చేశారు, ఫిలిబస్టర్ (చర్చ ముగియనీయకుండా ఓటుని అడ్డుకునే ఎత్తుగడ) ఆపింది. 2004 జనవరిలో రీసెస్ అపాయింట్‌మెంట్ వచ్చింది, ఏడాది చివరికి ఆయన తప్పుకున్నారు. సొంత రాష్ట్ర సెనేటర్లు అధ్యక్షుడి తలుపు, బ్లూ స్లిప్ తలుపు తెరవగలరు. సభలో అవతలి పక్షం అడ్డుపడితే అది వారి చేతిలో ఉండదు. పికరింగ్ రీనామినేషన్‌లో మద్దతుని అప్పటికే తెరిచి ఉన్న తలుపు మీదే పెట్టారు. మూసి ఉన్నది వేరే తలుపు, దాని దగ్గర నిలబడి మాట్లాడగల డెమోక్రాట్లు తగినంతమంది దొరకలేదు.

ఇప్పుడు చేసేవాళ్లకి మారినవి

రీసెస్ దారి దాదాపు మూసుకుపోయింది. విరామం పది రోజుల కంటే తక్కువైతే సాధారణంగా నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2014లో నోయెల్ కానింగ్ కేసులో చెప్పింది. సెనేట్ మూడు రోజులకోసారి నామమాత్రపు సమావేశం పెట్టుకుంటే అంత విరామమే రాదు. 2004 ఫిబ్రవరిలో విలియం ప్రయర్ తర్వాత జీవితకాల ఫెడరల్ జడ్జి పదవికి ఎవరూ అలా రాలేదు. 2013 నవంబర్ నుంచి దిగువ కోర్టుల నామినేషన్ల మీద చర్చ ముగించడానికి సాధారణ మెజారిటీ చాలు. సర్క్యూట్ నామినీలకి బ్లూ స్లిప్ అడ్డు 2018 నుంచి పోయింది, జిల్లా జడ్జీలకి ఇంకా ఉంది. కాబట్టి సొంత రాష్ట్ర సెనేటర్ల ఉమ్మడి లేఖ బరువు ఇవాళ ఎక్కువగా జిల్లా కోర్టు రీనామినేషన్లలోనే కనిపిస్తుంది.

కాంగ్రెస్ మారే జనవరిలో రీనామినేషన్ పని రెండు భాగాలు. నామినేషన్ కొత్త సంఖ్యతో మళ్లీ రావాలి, కమిటీ ఓటు మళ్లీ జరగాలి. పాత కాంగ్రెస్‌లో విచారణ అయిపోయి ఉంటే రెండోసారి పిలవకపోవచ్చు, కానీ నామినీ కమిటీకి నింపి ఇచ్చిన ప్రశ్నావళిని తాజా చేసి పంపాలి. అధ్యక్షుడు అదే అయితే సెనేటర్ల లేఖ డిసెంబర్‌లోనే, నామినేషన్లు తిరిగి వెళ్లకముందే, కౌన్సెల్ కార్యాలయంలో ఉండాలి. అధ్యక్షుడు మారితే ఎన్నిక ముగిసిన వారంలోనే గెలిచిన పార్టీలో సంతకం పెట్టగల సెనేటర్ ఎవరో వెతకాలి.

అలాంటి సంతకం దొరకనివాళ్లకి మిగిలేది నిరీక్షణ. 1999లో ఆగిపోయిన జేమ్స్ విన్‌ని ఒబామా 2009లో మళ్లీ నామినేట్ చేస్తే 2010 ఆగస్టులో ఫోర్త్ సర్క్యూట్ జడ్జి అయ్యారు. 2000 అక్టోబర్‌లో క్లింటన్ పంపిన మేరీల్యాండ్ జడ్జి ఆండ్రే డేవిస్ అదే కోర్టుకి 2009 నవంబర్‌లో 72–16తో చేరారు. ఒకరికి దాదాపు పదకొండేళ్లు, ఇంకొకరికి తొమ్మిదేళ్లు పట్టింది. గ్రెగరీకి మొదటి నామినేషన్ నుంచి శాశ్వత కమిషన్ దాకా పట్టింది పదమూడు నెలలు.